అటక మీద దొరికిన పాత బొమ్మ: గుర్తుపట్టడం, ధర కట్టడం ఎలా?

దసరాకో సంక్రాంతికో బొమ్మల కొలువు పేరు మీద అటక మీది ట్రంకు పెట్టె కిందికి దిగుతుంది. ఇక ఆ వారమంతా నా ఫోనుకు తీరిక ఉండదు. మిర్యాలగూడ నుంచి ఒకరు, వనపర్తి నుంచి ఒకరు, దేవరకొండ నుంచి ఇంకొకరు బొమ్మ ముఖం మాత్రం ఫొటో తీసి పంపి, కింద ఒకే ప్రశ్న రాస్తారు: "అన్నా, దీనికి ఎంత వస్తుంది?" ముఖం చూసి ధర చెప్పేవాళ్ళు లేకపోలేదు. చాలాసార్లు వాళ్ళే తక్కువకు కొనుక్కుపోతారు.

నల్లగొండలో పాత సామాన్లు కొని అమ్మే పనిలో నాకు ఇరవై ఏళ్ళు దాటాయి. అందులో బొమ్మలు చిన్న భాగమే. అయినా మోసాలూ పొరపాట్లూ ఎక్కువగా చూసింది ఆ చిన్న భాగంలోనే. ప్రతి ఒక్కరికీ విడివిడిగా చెప్పే ఓపిక తగ్గింది కాబట్టి ఇక్కడ వరుసగా రాస్తున్నాను. ఒక మాట ముందే చెప్పాలి. నా దగ్గరికి వచ్చే బొమ్మల్లో ఎక్కువ వాటికి కొత్త బొమ్మ ధర కూడా రాదు. ఏది ఆ కోవలోదో, ఏది కాదో తేల్చుకోవడానికే ఈ పద్ధతి.

కావలసినవి

భూతద్దం (బంగారం పనివాళ్ళు కంటికి పెట్టుకునే పది రెట్ల అద్దమైతే ఇంకా మంచిది), చిన్న టార్చి, దర్జీ టేపు, వంటింటి తూకం, నీటి రంగులకు వాడే మెత్తని కుంచె, బల్ల మీద పరచడానికి పాత తెల్ల దుప్పటి, నోటుబుక్కు, ఫోను. దొంగ నోట్లు చూసే ఊదారంగు టార్చి దొరికితే అదీ పెట్టుకోండి, పింగాణీ బొమ్మలకు పనికొస్తుంది. సబ్బు, చింతపండు, కొబ్బరి నూనె, జిగురు మాత్రం ఆ బల్ల దగ్గరికి రానీయకండి.

1. ముందు కడగకండి

బొమ్మ చేతికి రాగానే తడిగుడ్డ అందుకోవడం మన అలవాటు. కొత్తలో నేనూ అదే చేశాను. అది కొండపల్లి అంబారీ ఏనుగు, మీద మావటి. దుమ్ము పట్టి ఉందని తడిగుడ్డతో ఒక్కసారి తుడిచాను. మావటి తలపాగాలోని ఎరుపంతా గుడ్డకు వచ్చి, కింద తెల్ల సుద్ద బయటపడింది. సుద్ద పూత మీద నీటి రంగు వేసిన పాత బొమ్మ అది. ఎనామిల్ రంగు వేసిన ఈ కాలపు బొమ్మ అయితే ఏమీ అయ్యేది కాదు. తెల్ల తలపాగా మావటి ఇంకా నా బల్ల మీదే కూర్చుని ఉన్నాడు. కొంటానని ఎవరూ రాలేదు.

కాబట్టి పొడి కుంచెతో పై నుంచి కిందికి దుమ్ము దులపండి, అంతే. జుట్టు దువ్వకండి. బట్టలు ఉతకకండి, చిరిగినచోట కుట్టకండి. ఊడిన ముక్కలను అతికించకుండా ఒక కవరులో వేసి బొమ్మతోనే ఉంచండి. ఊడిన చేయి ఉన్న బొమ్మను కొనేవారు దొరుకుతారు, గట్టి జిగురుతో వంకరగా అతికించిన చేతిని చూస్తే వెనక్కి తిరుగుతారు. పెట్టెలో కలరా ఉండలు ఉంటే తీసేయండి. కొన్ని రకాల ప్లాస్టిక్‌ను అవి మెత్తబరుస్తాయి.

2. బొమ్మను తిప్పండి

ధర చెప్పే గుర్తులు సాధారణంగా కనిపించని చోటే ఉంటాయి. ఈ వరుసలో వెతకండి: మెడ వెనుక, జుట్టు కింద, భుజాల మధ్య వీపు మీద, నడుము కింద, అరికాళ్ళలో, బట్టల లోపలి కుట్టు దగ్గర, పీఠం అడుగున, చివరగా పెట్టె మూత లోపల. టార్చిని నేరుగా కాకుండా పక్కవాటుగా పట్టుకుంటే అరిగిపోయిన అచ్చు అక్షరాల నీడ పడి చదవడానికి వస్తాయి. అప్పటికీ చదవలేకపోతే పలుచని తెల్ల కాగితం పరచి పెన్సిలుతో మెల్లగా రుద్దండి. చిన్నప్పుడు రూపాయి బిళ్ళ మీద చేసినట్టే.

దొరికిన ప్రతి అక్షరం, అంకె, బొమ్మ గుర్తు ఉన్నది ఉన్నట్టు నోటుబుక్కులో రాయండి. అర్థం తర్వాత చూసుకోవచ్చు. జుట్టు కింద చూడాలని టోపీ పీకినట్టు పీకకండి. ఒక అంచు వదులుగా ఉంటే అంతవరకే ఎత్తి చూడండి. ఎత్తు సెంటీమీటర్లలో, బరువు గ్రాముల్లో రాసుకోండి.

3. దేనితో చేశారో తేల్చండి

మన దగ్గర రంగు వేసిన చెక్క బొమ్మ ఏది కనిపించినా "కొండపల్లి" అనేస్తారు. అన్నిటికన్నా ఎక్కువగా జరిగే పొరపాటు ఇదే కాబట్టి చెక్క బొమ్మల దగ్గర కాస్త నిలబడదాం.

కొండపల్లి బొమ్మను తెల్ల పొణికి చెక్కతో చేస్తారు. చేతిలోకి తీసుకోగానే "ఇంత తేలికా" అనిపిస్తుంది. తల, చేతులు, ఒళ్ళు విడిగా చెక్కి, చింతగింజల పొడి, రంపపు పొట్టు కలిపిన మక్కుతో అతుకుతారు. దాని మీద సుద్ద, సుద్ద మీద రంగు. భుజం దగ్గర భూతద్దం పెట్టి చూస్తే మక్కు అతుకు చిన్న గట్టులా తెలుస్తుంది. రంగు పెచ్చు లేచినచోట మూడు పొరలూ కనబడాలి: పైన రంగు, మధ్య తెలుపు, లోపల చెక్క. తాటిచెట్టు ఎక్కే గీతకారుడు, అంబారీ ఏనుగు, దశావతారాలు, పల్లె బతుకులోని మనుషులు దీని సొత్తు.

నిర్మల్ బొమ్మలకూ పొణికి చెక్కనే వాడతారు కాబట్టి బరువు చూసి మోసపోవద్దు. డ్యూకో రంగుల (కార్లకు వేసే రకం మెరుపు రంగు) నున్నని మెరుపు, పక్షులు, జంతువులు అటు వైపు చూపిస్తాయి. ఏటికొప్పాక బొమ్మ అంకుడు చెక్కది, తరిమెన మీద తిప్పి చేసినది, పైన లక్క పూత. అడుగున సన్నని గుండ్రని గీతలు ఒకదానిలో ఒకటి ఉంటాయి. ఒళ్ళంతా గుండ్రమే, మూలలుండవు. కర్ణాటకలోని చెన్నపట్నం బొమ్మలదీ దాదాపు ఇదే తీరు. చీటీ గానీ ముద్ర గానీ లేకుండా ఈ రెండింటిలో ఏదో పందెం కాయకుండా "లక్క బొమ్మ" అని మాత్రమే రాయండి. చేర్యాల పనితనం మనకు అన్నిటికన్నా దగ్గరిది. కొబ్బరి చిప్ప మీద, చెక్క మీద మక్కు పెట్టి చేసిన ముసుగులు, ముఖాలు. పెద్ద పెద్ద కళ్ళు, ఎరుపు పట్టు చూడగానే తెలిసిపోతాయి.

నకిలీ ఎక్కువగా పోత బొమ్మ రూపంలో వస్తుంది. ప్లాస్టర్ గానీ రెసిన్ గానీ అచ్చులో పోసి, పైన కొండపల్లి రంగులు వేస్తారు. చెవి వెనుక నుంచి భుజం మీదుగా మడమ దాకా సన్నని గీత దిగుతుంటే అది అచ్చు కలిసిన గీత. చెక్కిన బొమ్మకు అది ఉండదు. పోత బొమ్మ పట్టుకుంటే చల్లగా, బరువుగా ఉంటుంది.

తిరుపతి రాజారాణి బొమ్మలు ఎర్రచందనంవి అయితే ఈ పద్ధతిలో ముందుకు పోకుండా ఎనిమిదో అంశం చదవండి.

మట్టి బొమ్మల గురించి ఒక్క మాట చాలు. ధర సెట్టుకే. పదింటిలో ఒకటి లేకపోతే సగం పోతుంది. కానీ లేదని తేల్చే ముందు సరిగా లెక్కపెట్టండి. కొన్ని దశావతారాల్లో బుద్ధుడుంటాడు, కొన్నింటిలో ఆ చోట బలరాముడుంటాడు. నిండు సెట్టును బుద్ధుడు లేడని "అసంపూర్ణం" అని రాసి సగానికి అమ్ముకున్న ఇల్లు నాకు తెలుసు.

ఇక విదేశీ బొమ్మలు. ఇవి మన వైపు ఎలా వచ్చాయని ఆశ్చర్యపోకండి. గద్వాల, వనపర్తి వంటి సంస్థానాలు ఉన్న చోటు ఇది. నల్లగొండ, మహబూబ్‌నగర్‌లలో మిషనరీ కుటుంబాలు ఏళ్ళ తరబడి ఉన్నాయి. ఆ తర్వాత గల్ఫు, అమెరికా సూట్‌కేసులు ఎటూ ఉన్నాయి.

పింగాణీ తల: మెరుగు పూత లేకుండా, చెంప తాకితే సన్నని గరుకుతో చల్లగా ఉంటే దాన్ని బిస్క్ అంటారు. ఒళ్ళు వేరే పదార్థంతో ఉంటుంది. మెడ వెనుక అక్షరాలు, అంకెలు గుంటగా అచ్చు పడి ఉంటాయి. "390", దాని దగ్గర "ఎ.ఎం." కనిపిస్తే అది జర్మనీలోని అర్మాండ్ మార్సేయ్ కంపెనీ తల. పేరు వినడానికి ఫ్రెంచిలా ఉందని "అరుదైన ఫ్రెంచి బొమ్మ" అని రాసేవాళ్ళున్నారు. అది ఫ్రెంచి కాదు, అరుదూ కాదు. 390 అనేది అచ్చు సంఖ్య. ఆ అచ్చులో లెక్కలేనన్ని తలలు పోశారు.

సెల్యులాయిడ్: పలుచగా, గుల్లగా, గోటితో తడితే పాత పింగ్‌పాంగ్ బంతిలా టిక్కుమంటుంది. బొటనవేలితో గట్టిగా రుద్ది వాసన చూస్తే కర్పూరం తగులుతుంది. హెచ్చరిక: వేడి సూది గుచ్చి చూడమని ఎవరైనా చెబితే వినకండి. సెల్యులాయిడ్ అగ్గిపుల్లలా అంటుకుంటుంది. దీపం, అగరుబత్తి దగ్గర కూడా పెట్టకండి. వీపు మీద తాబేలు గుర్తుంటే అది జర్మనీలోని మాన్‌హైమ్ ఫ్యాక్టరీది. సెల్యులాయిడ్ కాలం పోయాక వేరే ప్లాస్టిక్ బొమ్మల మీద కూడా ఆ తాబేలునే కొనసాగించారు కాబట్టి తాబేలు కనిపించినంత మాత్రాన పాతదని కాదు.

కంపోజిషన్: రంపపు పొట్టు, జిగురు కలిపి అచ్చులో అదిమినది. మన మక్కుకు దూరపు చుట్టం అనుకోండి. ముఖం మీద రంగు ఎండిన చెరువు నేలలా నెర్రెలు విచ్చి ఉంటుంది. ఇది తడికి అసలు ఆగదు.

మెత్తని వినైల్: నొక్కితే లోపలికి పోతుంది, వెంట్రుకలు తలలోనే నాటి ఉంటాయి. పాతబడితే ఒళ్ళు జిగటగా అవుతుంది. బార్బీలు ఈ కోవలోవే.

4. కాలాన్ని రెండు గీతల మధ్యకు తెండి

"చాలా పాతది" అనేది కాలం కాదు. "దీనికి ముందు కాదు, దీని తర్వాత కాదు" అని రెండు గీతలు గీయాలి. పెట్టె, చీటీ, ముద్ర చాలావరకు ఆ పని చేసిపెడతాయి.

దేశం పేరు చూడండి. విదేశీ సరుకు మీద అది తయారైన దేశం పేరు ఉండాలని అమెరికా చట్టం 1891 నుంచి అమలు చేసింది. కాబట్టి తల మీద "జర్మనీ" అని ఉంటే సాధారణంగా ఆ తర్వాతిదే. "నిప్పాన్" అని ఉంటే 1921కి ముందుది, "జపాన్" అని ఉంటే ఆ తర్వాతిది. "ఆక్యుపైడ్ జపాన్" అని ఉంటే రెండో ప్రపంచ యుద్ధం ముగిశాక 1952 లోపు. "వెస్ట్ జర్మనీ" అయితే 1949కి, 1990కి మధ్య. ఒకదానిలో ఒకటి దూరే రష్యా బొమ్మల అడుగున సోవియట్ పేరుంటే 1991 దాటదు.

మన దేశపు పెట్టెలకు మన లెక్కలే ఉన్నాయి. ధర అణాల్లో ఉంటే దాదాపుగా 1957కి ముందుది. "నయా పైసలు" అని అచ్చయి ఉంటే 1957, 1964 మధ్యది. ఇంత కచ్చితమైన గుర్తు ఇంకొకటి లేదు. చిరునామాలో ఆరంకెల పిన్ కోడ్ ఉంటే 1972 ఆగస్టు 15 తర్వాతది. బొంబాయి 1995లో ముంబయి అయింది, మద్రాసు 1996లో చెన్నై అయింది. నిర్మల్ బొమ్మ చీటీ మీద ఆంధ్రప్రదేశ్ అని ఉంటే రాష్ట్రం విడిపోక ముందుది, తెలంగాణ అని ఉంటే 2014 జూన్ తర్వాతది. బొమ్మ మీద ఐఎస్ఐ ముద్ర ఉంటే అది తప్పనిసరి అయిన 2021 తర్వాతది కావడానికే అవకాశం ఎక్కువ. పాత పెట్టెలు, పాత చీటీలు మిగిలిపోయి ఒకటి రెండేళ్ళు ఆలస్యంగా వాడేస్తారు, ఆ మేరకు సడలింపు ఉంచుకోండి.

బార్బీ దగ్గర అందరూ పడే గుంట ఒకటుంది. నడుము కింద "మాటెల్ 1966" అని చూసి (మాటెల్ అంటే బార్బీని తయారుచేసే కంపెనీ), అరవై ఏళ్ళ నాటి బొమ్మ దొరికిందని సంబరపడతారు. అది ఆ ఒళ్ళు రూపకల్పనకు హక్కు పొందిన ఏడాది. 1990ల్లో తయారైన బొమ్మల మీద కూడా అదే అంకె ఉంటుంది. దాని కింద ఉన్న దేశం పేరు, మెడ అంచున ఉన్న ఏడాది, పెట్టె మీది ఏడాది కలిపి చదవాలి. బార్బీ తొలిసారి బజారుకు వచ్చింది 1959లో. మొదటి విడత బొమ్మలకు అరికాళ్ళలో రంధ్రాలు, లోపల రాగి గొట్టాలు ఉంటాయి. అవి మీ ఇంట్లో ఉన్నాయని ఆశ పెట్టుకోకండి. మన ఇళ్ళలో దొరికే మంచిది వేరే ఉంది. లియో మాటెల్ పేరుతో భారతదేశంలోనే తయారై, చీర కట్టి బొట్టు పెట్టుకున్న బార్బీ. పెట్టె విప్పకుండా ఉంటే దాని కోసం బయటి దేశాల వాళ్ళు కూడా అడుగుతారు. దాచుకోవడం కోసమే అన్నట్టు 1990ల్లో అమెరికాలో అమ్మిన మెరుపు గౌన్ల బార్బీలను అందరూ నిజంగానే దాచుకున్నారు. అందుకే వాటికి ఇప్పుడు ధర లేదు.

చుట్టిన కాగితాన్ని నమ్మవద్దు. ఒకాయన బొమ్మను గోలకొండ పత్రిక కాగితంలో చుట్టి తెచ్చారు. సురవరం ప్రతాపరెడ్డి ఆ పత్రికను మొదలుపెట్టింది 1926లో. "కాగితమే ఇంత పాతదైతే బొమ్మ ఇంకెంత పాతదో చూడండి" అని ఆయన వాదన. బొమ్మను తిప్పితే వీపు మీద "హాంకాంగ్" అని ఉంది, ఒళ్ళు వినైల్. తాత దాచిన కాగితంలో మేనమామ తెచ్చిన బొమ్మను ఎవరో చుట్టారు. నేను ఆ కాగితం కొంటానన్నాను. ఆయన ఇవ్వలేదు.

5. లోపాలను మీరే ముందు పట్టుకోండి

పింగాణీ తల అయితే చీకటి గదిలో మెడ రంధ్రం నుంచి టార్చి వెలుగు లోపలికి పంపండి. వెంట్రుకంత పగులు ఉన్నా నల్లని గీతలా కనిపిస్తుంది. ఊదారంగు టార్చి వేస్తే తర్వాత పూసిన రంగు చుట్టుపక్కల కన్నా వేరుగా మెరుస్తుంది. చెక్క బొమ్మకు పుచ్చు రంధ్రాలు చూడండి. తెల్ల దుప్పటి మీద రాత్రంతా ఉంచితే తెల్లారేసరికి సన్నని పొడి రాలి ఉందంటే పురుగు ఇంకా బతికే ఉంది. ఆ బొమ్మను మిగతా వాటి పక్కన పెట్టకండి.

పాతదనాన్ని కల్పించే విద్య కూడా ఉంది. టీ డికాషన్ పూస్తే బొమ్మ గంటలో యాభై ఏళ్ళు పెరుగుతుంది. గుర్తుపట్టడం కష్టం కాదు. నిజమైన అరుగుదల పిల్లల వేళ్ళు పట్టుకునే చోట, నేలకు ఆనే చోట ఉంటుంది. పూత అయితే అన్ని గుంటల్లోనూ ఒకే గోధుమ రంగు పట్టి ఉంటుంది.

6. అడిగిన ధర కాదు, అమ్ముడైన ధర చూడండి

ఎవరో తమ బొమ్మకు రెండు లక్షలు రాసుకున్నారని స్క్రీన్‌షాట్ పంపుతారు. రాసుకోవడానికి ఖర్చేముంది? ఈబే అనే అమ్మకాల వెబ్‌సైటులో వెతికినప్పుడు "అమ్ముడైనవి" మాత్రమే చూపించే ఎంపిక ఉంటుంది. అది నొక్కితే గత 90 రోజుల్లో నిజంగా చేతులు మారిన ధరలు కనిపిస్తాయి. ముద్ర, ఎత్తు, స్థితి మూడూ మీ దానితో కలిసే వాటిని కనీసం ఐదింటిని రాసుకోండి. ఏమని వెతకాలో తెలియకపోతే ఫోనులో ఫొటో పెట్టి వెతకండి. దొరికిన పేరును మాత్రం ముద్రతో సరిపోల్చకుండా నమ్మవద్దు.

కొండపల్లి, నిర్మల్, ఏటికొప్పాక, చేర్యాల బొమ్మలకు దారి వేరు. వీటిని ఇప్పటికీ చేస్తూనే ఉన్నారు. అందుకని హైదరాబాదు వెళ్ళినప్పుడు ప్రభుత్వ హస్తకళల దుకాణం గోల్కొండలోకి వెళ్ళి, అంతే ఎత్తున్న కొత్త బొమ్మ ధర చూసి రండి. మీ పాత బొమ్మలో ఇప్పుడు చేయని భంగిమో, పాత నీటి రంగులో, నిండు సెట్టో లేకపోతే ఆ కొత్త ధరను దాటదు. అటు వెళ్ళినప్పుడు సాలార్‌జంగ్ మ్యూజియంలోని బొమ్మల గది కూడా చూడండి. ఢిల్లీ వెళ్ళే పని పడితే, కార్టూనిస్టు శంకర్ 1965లో నెలకొల్పిన అంతర్జాతీయ బొమ్మల మ్యూజియం ఉంది. ఒక పూట తిరిగితే నేను నెల రోజులు చెప్పినా రానంత కన్ను వస్తుంది.

7. లెక్క కట్టండి

ఇందులోని అంకెలు పద్ధతి చూపడానికే. మీ బొమ్మ లాంటివి ఐదు అమ్ముడయ్యాయనుకుందాం: 3,800, 4,600, 5,000, 5,400, 15,000 రూపాయలు. ఐదూ కూడి భాగిస్తే 6,760 వస్తుంది. అది తప్పుడు అంకె. ఆ పదిహేను వేలది అసలు పెట్టెతో, అసలు బట్టలతో ఉన్నది. వరుసలో పెట్టి మధ్యది తీసుకోండి: 5,000.

ఇప్పుడు లోపాలు తీసివేయాలి. నేను పాటించే తూకం ఇది, శాసనం కాదు. పింగాణీ ముఖం మీద పగులుకు సగం. అదే పగులు జుట్టు కింద కనబడకుండా ఉంటే నాలుగో వంతు. బట్టలు మార్చి ఉంటే నాలుగో వంతు. చెక్క బొమ్మకు మళ్ళీ రంగు వేసి ఉంటే సగం. పెట్టెలోంచి తీసి ఆడుకున్న బార్బీకి సగానికి పైగా. పై బొమ్మకు ముఖం మీద పగులుందంటే 2,500 మిగిలింది. అమ్మిపెట్టిన చోట కమీషను, పెట్టె, పంపే ఖర్చు కలిపి 700 అయితే మీ చేతికి 1,800.

నా లాంటి దుకాణదారు అదే బొమ్మకు వెయ్యి రూపాయలు ఇస్తానంటే తిట్టుకోకండి. అది అమ్ముడయ్యేదాకా ఆ డబ్బు అల్మారాలో కూర్చుంటుంది. నాలుగు వందలు అంటే మాత్రం లేచి వచ్చేయండి.

8. అమ్మే ముందు చట్టం

ఏనుగు దంతం బొమ్మ ఎంత పాతదైనా, ఎంత చిన్నదైనా అమ్మకూడదు, కొనకూడదు. ఎర్రచందనం బొమ్మను దేశం దాటించే ఆలోచన వద్దు. దాని మీద అంతర్జాతీయ ఆంక్షలున్నాయి. ఇక్కడ అమ్మాలన్నా ముందు అటవీ శాఖను అడగండి. వందేళ్ళు దాటిన కళాకృతి 1972 నాటి చట్టం ప్రకారం పురావస్తువు. లైసెన్సు లేకుండా దాంతో వ్యాపారం చేయకూడదు. లైసెన్సు ఉన్నా దేశం దాటించకూడదు. బొమ్మ వయసు ఆ గీత దగ్గరగా ఉండి, కొనేవారు విదేశంలో ఉంటే, అది పురావస్తువు కాదన్న ధ్రువపత్రం కేంద్ర పురావస్తు శాఖ నుంచి తీసుకోండి. గుడికి సంబంధించిన విగ్రహమేమో అని కాస్త అనుమానమున్నా నాకు ఫొటో కూడా పంపకండి.

9. ఫొటోలు, డబ్బు

కిటికీ పక్కన, పగటి వెలుతురులో, తెల్ల దుప్పటి మీద ఎనిమిది ఫొటోలు: ముందు, వెనుక, రెండు పక్కలు, ముద్ర, అడుగు, ప్రతి లోపం, చివరగా పక్కన టేపుతో. లోపం ఫొటో ముందే పెడితే బేరం తగ్గుతుందని భయపడతారు. పెట్టకపోతే బొమ్మే తిరిగి వస్తుంది, అదీ ఇంకో పగులుతో.

డబ్బు దగ్గర ఒక్కటే గుర్తుంచుకోండి. మీకు డబ్బు రావడానికి మీ పిన్ కొట్టాల్సిన అవసరం ఎప్పుడూ ఉండదు. "ఈ కోడ్ స్కాన్ చేయండి, డబ్బు పడుతుంది" అన్నవాడు కొనేవాడు కాదు. సెల్యులాయిడ్ బొమ్మలను తపాలాలో వేయకండి, మండే సరుకు అది. చేతికే ఇవ్వండి.

సరిగా చేశారో లేదో ఇలా సరిచూసుకోండి

బొమ్మను పక్కన పెట్టి, నోటుబుక్కులో రాసినది మాత్రం ఇంట్లో ఇంకొకరికి చదివి వినిపించండి. పదార్థం, ముద్ర, ఎత్తు, కాలం, లోపాలు. ఆ వివరాలు విని వాళ్ళు పది బొమ్మల్లోంచి మీ బొమ్మను తీయగలగాలి. "చాలా బాగుంది", "అమ్మమ్మ నాటిది" లాంటి మాటలు ఎక్కువై, అంకెలు తక్కువగా ఉంటే మళ్ళీ రెండో అంశానికి వెళ్ళండి.

రాసిన ప్రతి మాటకు ఒక ఫొటో చూపించగలరా? "జర్మనీ" అని రాస్తే ఆ అక్షరాల ఫొటో ఉండాలి. లేకపోతే ఆ మాట కొట్టేయండి.

గుర్తులు ఒకదానితో ఒకటి పేచీ పడుతుంటే, అంటే పెట్టె మీద నయా పైసలు, లోపలి బొమ్మ మీద చైనా ఉంటే, పెట్టె ఒకరిది, బొమ్మ ఇంకొకరిది. విడివిడిగా అమ్మండి. ఖాళీ పాత పెట్టెకు కూడా కొనేవాళ్ళున్నారు, కొన్నిసార్లు బొమ్మ కన్నా ఎక్కువకు.

ధర పెట్టాక మొదటి గంటలోనే ముగ్గురు ఫోను చేసి, బేరం ఆడకుండా "ఇప్పుడే వచ్చి తీసుకుంటాను" అంటే తక్కువ పెట్టారు. ఎవరికీ మాట ఇవ్వకుండా ఒక రోజు ఆగి ఆరో అంశం మళ్ళీ చేయండి. నెల గడిచినా ఎవరూ అడగకపోతే పదో వంతు తగ్గించండి. మరో నెలకు ఇంకో పదో వంతు. మూడో నెల కూడా కదలకపోతే దాన్ని మళ్ళీ పాత నూలు గుడ్డలో చుట్టి, ఈసారి లోపల చీటీ రాసి పెట్టండి: ఏ బొమ్మ, ఏ ముద్ర, ఎవరు తెచ్చారు, ఏ ఏడాది. పెట్టె మళ్ళీ దిగినప్పుడు ఎవరో ఒకరు నాకు మెడ వెనుక ఫొటో కూడా పంపుతారు.